కత్తిరించిన ముద్దుల కేసెట్టు

అమెరికా కామెడీ సీరియళ్ళని నేను మొదటినుంచీ నమ్మలేదు. నమ్మడానికి వాటిలో ఏముంది? ఇల్లన్నాక నాలుగు గోడలుండాలి. ఆ ఇళ్ళకి మూడే ఉంటాయి. ఒక్క సోఫా మీద నలుగురు ఇరుక్కుని కూర్చుంటారు గానీ ఒక్కరంటే ఒక్కరు మనవైపు వీపు పెట్టి కూర్చోరు. వీధి తలుపుకి గడియ ఉండదు. పక్కింటివాడు బూట్లతోనే లోపలికొచ్చి, నేరుగా ఫ్రిజ్జు తెరిచి, ఉన్నది తీసుకుని తినేస్తాడు. "ఏరా, ఎందుకొచ్చావ్?" అని అడిగే నాథుడుండడు. ఉద్యోగాలున్నాయంటారు, ఎవరూ డ్యూటీకి వెళ్ళిన పాపాన పోరు. పైగా కంటికి కనపడని జనం ఎవరో పగలబడి నవ్వుతుంటారు. వాళ్ళు ఎక్కడ కూర్చున్నారు? వాళ్ళని ఎవరు రమ్మన్నారు?

నా సంగతి ముందే చెప్పేస్తాను. నాకు అనుమానం ఎక్కువ. "దేవదూత దిగొచ్చినా నువ్వు ఐడీ కార్డు అడుగుతావే" అనేది మా అమ్మ. దానికి తోడు నేను నర్సుని, అదీ ఆపరేషన్లయిన ఆడవాళ్ళ వార్డులో. ఒంట్లోంచి కోసి తీసింది చిన్న రాయైనా సరే, సీసాలో వేసి, చీటీ అంటించి, ల్యాబుకి పంపాలి. ఎక్కడికి పోయిందని డాక్టరు అడిగితే ఏమో అనడం కుదరదు. ఇరవై మూడో ఏట మొదలుపెట్టిన ఆ పని నా బుద్ధిని అలాగే తయారుచేసింది.

రెండువేల నాలుగు, అయిదు ప్రాంతం. అబూదాబీ ఊరవతల, ముసఫ్ఫా పక్కన, ఇప్పుడు మహమ్మద్ బిన్ జాయెద్ సిటీ అంటున్న చోట ఒక విల్లాలో మాకొక గది ఉండేది. పెళ్ళయిన మూడు నెలలకే నేను దుబాయ్ వచ్చేశాను. అబూదాబీ అయినా మావైపు జనానికి అది దుబాయే. ఆయన అక్కడ, నేను ఇక్కడ, నాలుగేళ్ళు ఫోను కార్డుల మీద కాపరం చేశాం. ఆయన మా జిల్లాలో పెళ్ళి వీడియోలకి మిక్సింగ్ చేసేవారు. పెళ్ళి కేసెట్టు మీద పూలు రాల్చడం, పెళ్ళికొడుకుని హృదయం బొమ్మలో పెట్టడం, అనవసరమైన చోట కత్తిరించి అతకడం ఆయన విద్య. మా వార్డులో వైద్యం చేయించుకున్న ఒకావిడ భర్త ఏదో టీవీ చానల్లో పని చేస్తాడని తెలిసి, సిగ్గు విడిచి ఆవిడ కాళ్ళావేళ్ళా పడితే, ఆ చానల్లో టేపుల సెక్షన్లో ఆయనకి ఉద్యోగం వచ్చింది. ఆఫీసు వీసా. ఆ ఉద్యోగం పోతే వీసా రద్దు, వీసా రద్దయితే నెల తిరక్కుండా ఆయన విమానం ఎక్కాలి, మళ్ళీ ఫోను కార్డుల కాపరమే. అందుకని ఆయన ఆఫీసుకి అయిదు నిమిషాలు ఆలస్యంగా బయల్దేరబోతే నేనే చెప్పులు తెచ్చి ఆయన కాళ్ళ ముందు పడేసేదాన్ని.

మా ఇద్దరి తర్వాత ఆ గదిలో మూడో మనిషి పిన్ని. వరసకి ఏమీ కాదు. శుక్రవారం ఆరాధనలో కలిసింది, రాజోలు వైపు మనిషి, మా అమ్మ వయసు. ఒక అరబ్బుల ఇంట్లో ఏడేళ్ళుగా పనిచేసేది. చర్చి పేరు చెబితే వాళ్ళ మేడం శుక్రవారం పూట సాయంత్రం దాకా వదిలేది. ఆరాధన పన్నెండింటికి అయిపోతుంది, మిగతా పూట ఎక్కడికి పోతుంది? మా గదికి రమ్మన్నాను. నేను పిన్నీ అన్నాను కాబట్టి మా ఆయన అల్లుడుగారైపోయారు. మాకు శుక్రవారం డ్యూటీ పడినా వచ్చి పడుకోవడానికి వీలుగా రెండో తాళంచెవి ఆవిడకే ఇచ్చేశాను. వారమంతటికీ ఆవిడ కాళ్ళు చాపుకునే చోటు మా గదే.

ఆవిడకి ఆ అమెరికా సీరియళ్ళంటే ప్రాణం. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు, కింద పడే అరబ్బీ అక్షరాలు చదవలేదు. అయినా టీవీ ముందు చతికిలబడి, "ఆయ్, ఆ బొమ్మలెట్టండి అల్లుడుగారూ" అనేది. జనం నవ్వినప్పుడల్లా తనూ నవ్వేది.

"ఏమర్థమైందని పిన్నీ ఆ నవ్వు?" అని కసిరితే, "ఆళ్ళంతా నవ్వుతుంటే మనం మూతి బిగించుక్కూచుంటే ఏం బాగుంటదమ్మా?" అనేది.

"అది పెట్టిన నవ్వు అత్తయ్యగారూ, టేపులోనే ఉంటది" అని మా ఆయన ఆవిడకి చెప్పారొకసారి. నేను వెంటనే తల తిప్పి చూశాను. ఈయనకెలా తెలుసు? ఆఫీసులో ఏం చేస్తారని ఎప్పుడడిగినా "టేపులు చూస్తాను, పంపుతాను" అంటారే గానీ, ఏ టేపులో, వాటిలో ఏముంటుందో ఒక్కనాడూ చెప్పిన మనిషి కాదు.

అసలు విషయం వార్డులో బయటపడింది. సాయంత్రం డ్యూటీ. పిత్తాశయం తీసేసిన ఒక ముసలమ్మ మంచం మీద ఒత్తిగిలి అలాంటి సీరియలే చూస్తోంది. వంటింట్లో ఒకమ్మాయి, ఒకబ్బాయి ఎదురెదురుగా నిలబడి దెబ్బలాడుకుంటున్నారు. అతను రెండడుగులు ముందుకేశాడు. ఆమె తలెత్తింది. అంతే, తెర కుడిమూల నుంచి ఎర్ర గులాబీరేకులు జలజలా రాలాయి. రేకులు తప్పుకునేసరికి ఇద్దరూ చెరో మూల ఉన్నారు. కనపడని జనం మాత్రం ఈలలు వేస్తున్నారు.

సెలైన్ మారుస్తూనే తెరవైపు మెడ చాచాను. ఆ రేకులు నాకు తెలుసు! మా పెళ్ళి కేసెట్టులో ఉంగరాలు మార్చుకున్నాక, కేకు కొయ్యబోయే ముందు రాలిన రేకులవే. ఆఖరి రేకు వంకరగా తిరిగి పడుతుంది. నాలుగేళ్ళు ఒంటరి గదిలో ఆ కేసెట్టు వేసుకుని చూసుకున్నదాన్ని, నాకు తెలియదా? ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని, అమెరికావాళ్ళ వంటింట్లో పూలవాన కురుస్తుందా సిస్టర్ అని అరబ్బీలో అడిగి ఒకటే నవ్వు. నాకు నవ్వు రాలేదు.

ఇంటికెళ్ళి, ఆయన అన్నం కలుపుకుంటుండగా అడిగాను. "ఏవండీ, అమెరికా సీరియల్లో మన పువ్వులెందుకు రాలాయి?"

ముద్ద కంచంలోనే ఉండిపోయింది. "ఏ పువ్వులు?"

"నా పెళ్ళి పువ్వులండీ. నన్నే అడుగుతున్నారా?"

"అదా... కొత్తలో అలవాటుకొద్దీ ఒకటి వేశాన్లే. ముదీర్ చేత చచ్చే తిట్లు తిన్నాను. వదిలెయ్." ముదీర్ అంటే ఆయన పై ఆఫీసరు.

"పువ్వుల కింద ఏముంది? ఏం తీశారక్కడ?"

"ఏముంటది? టైము సరిపోక కాస్త తగ్గించాం" అని, మంచినీళ్ళ కోసం లేచి వెళ్ళిపోయారు. గ్లాసు నిండా నీళ్ళు ఆయన కంచం పక్కనే ఉన్నాయి.

అప్పట్నుంచి నేను ఆ సీరియళ్ళని పోలీసులా చూడటం మొదలుపెట్టాను. చూడగా చూడగా లెక్క తెలిసిపోయింది. ఇద్దరు దగ్గరికొస్తారు, చిన్న కుదుపు, ఇద్దరూ దూరంగా ఉంటారు. ఆమె పెదాలకున్న రంగు అతని బుగ్గ మీద ఉంటుంది. ముద్దులు! మా ఆయన ముద్దులు కోస్తున్నారు. సరే, ఆ దేశం పద్ధతి అది, నలుగురూ కూర్చుని చూసేచోట అలాంటివి ఉండకూడదనుకున్నారు, నాకూ సంతోషమే. కానీ ఆ మాట పెళ్ళానికి చెప్పడానికేం? చెప్పలేదంటే ఏదో ఉంది. కోసింది ఎక్కడికి పోతోంది? నా బుర్ర అక్కడే ఆగిపోయింది.

చలికాలం రాబోతుంటే దుప్పటి తీద్దామని అల్మారా మీద సూట్‌కేసు దించాను. దాని వెనక గోడకి ఆనించి ఒక కేసెట్టు ఉంది. మీద చీటీలో ఆయన చేతిరాతతో ఉత్త అంకెలే. పొద్దున పదిగంటలు, ఆయన ఆఫీసులో ఉన్నారు. తలుపు గడియ వేసి, కేసెట్టు వీసీఆర్లో పెట్టాను.

ముద్దు. మొదలూ తుదీ లేని ముద్దు. అది సగంలో తెగగానే ఇంకొకటి. సోఫా మీద, మెట్ల మీద, కారు పక్కన, ఫ్రిజ్జుకి ఆనుకుని. మధ్యమధ్య జనం "ఓ..." అని మూలగడం. ఇరవై నిమిషాల పైన అదే వరస. పాస్టరుగారి కూతుర్నైన నేను, దిండు ఒళ్ళో పెట్టుకుని చివరిదాకా చూశాను. ఎందుకు చూశావంటారేమో, చూడకుండా నేరం ఎలా తేలుతుంది? ఏమైనా వదిలేశానేమోనని రెండోసారి కూడా చూశాను.

సాయంత్రం ఆయనకి టీ ఇచ్చి, మామూలుగా అడిగాను. "సూట్‌కేసు వెనక కేసెట్టేంటండీ?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "అదా, మా బాబాయి కొడుకు పెళ్ళిది. ఊరికే తెచ్చుకున్నాను. ముట్టుకోకు, పాడైపోద్ది."

ఆ ఒక్క అబద్ధంతో నాకు లోకం తలకిందులైంది. దొరికింది గాబట్టి ఇదొకటి, దొరకనివి ఎన్ని? నాలుగేళ్ళు ఒంటరిగా ఉన్న మగాడు అక్కడ ఏం చేశాడో నాకెవరు చెప్పొచ్చారు? ఇప్పుడు నేను పక్కనే ఉండగా కూడా ఇదేం బతుకు? ఏడ్చాను. కోపంతో ఏడ్చానో, నేను చాలడం లేదా అన్న అవమానంతో ఏడ్చానో ఇప్పటికీ చెప్పలేను. దానికి తోడు శుక్రవారాలు మా గదిలో ప్రార్థన పెట్టుకునేవాళ్ళం, ఎవరైనా వాక్యం కేసెట్టు అనుకుని అది పెట్టేస్తే మా నాన్నగారి పేరు గంగలో కలిసినట్టే. మర్నాడు ఆయన వెళ్ళగానే రీలు మూరలకొద్దీ బయటికి లాగి, బ్యాండేజీ కత్తెరతో కసిదీరా కోసి, నల్ల సంచీలో కట్టి వీధి చివర చెత్తడబ్బాలో పడేశాను. ఖలాస్. చేతులు కడుక్కున్నాక మనసు తేలికపడింది కూడాను.

పదిరోజులయ్యిందో లేదో, ఒక గురువారం మధ్యాహ్నం ఆయన ఊడిపడ్డారు. ఎండలో నడిచొచ్చి చొక్కా అంతా తడిసిపోయి ఉంది. చెప్పులైనా విప్పకుండా కుర్చీ ఎక్కి సూట్‌కేసు కిందకి లాగారు.

"ఇక్కడ కేసెట్టు ఏది?"

"ఏ కేసెట్టు? మీ బాబాయి కొడుకు పెళ్ళిదా?" అన్నాను వెటకారంగా. ఈ క్షణం కోసమే కాచుక్కూర్చున్నాను మరి.

ఆయన కుర్చీ మీదే చతికిలబడ్డారు. "పెళ్ళిది కాదే. అబద్ధం చెప్పాను. అవి ముద్దులు. నా పని ముద్దులు కొయ్యడం. పాస్టరుగారి అమ్మాయివి, నీతో ఎలా చెప్పను? మీ నాన్నగారు ఫోన్లో 'ఏం ఉద్యోగం బాబూ' అంటే ఏమని చెప్తావు?"

"అయితే వాటిని ఇంట్లో దాచుకోవడమెందుకు?"

"అలవాటే! మిక్సింగ్ వాడు కోసిన ముక్క పారేస్తాడా? నీకు తెలీదా?"

తెలుసు. నాకు తెలియకపోవడమేంటి? పెళ్ళి వీడియోలో ఎవరిని కోసినా నెల తిరక్కుండా గొడవొస్తుంది. మా పెద్ద మావయ్య ఏడి, అక్షింతలు వేసినప్పుడు తీశారు కదా, కావాలనే తీసేశారా అని షాపు మీదకి వస్తారు. అందుకని కోసిన ముక్కలన్నీ వరసగా వేరే కేసెట్టులో ఎక్కించి, పెళ్ళికూతురికి మొదటి బిడ్డ పుట్టేదాకా దాచాలని ఆయన గురువు నేర్పాడట. పెళ్ళైన కొత్తలో ఆ కథలన్నీ చెప్పి నన్ను నవ్వించింది ఈయనే. అబూదాబీ వచ్చినా ఆయన చెయ్యి అదే పని చేసింది. ఆఫీసు అలమర వారం వారం ఖాళీ చేయించేస్తారని, నిండిన కేసెట్టు ఇంటికి తెచ్చుకున్నారు.

"నిన్న సాయంత్రం చానల్లో ఒక ముద్దు అలాగే వెళ్ళిపోయింది. ఆఫీసుకి ఫోన్ల మీద ఫోన్లంట. నేను కోశానే దాన్ని! కోసిన టేపు పక్కనెట్టి అసలు టేపు ఎవడో ఎక్కించాడు. కోసిన టేపు మీద ఈపాటికి ఇంకోటి రికార్డు చేసేశారు. 'నువ్వు కొయ్యలేదు, కోసినట్టు కోతల చీటీ ఊరికే రాశావు' అంటున్నాడు ముదీర్. ముక్క ఇంట్లో ఉంది, తెచ్చి చూపిస్తానన్నాను. ఇంటికి తీసుకెళ్ళడం తప్పే, ఆ తప్పు తిట్లతో పోద్ది. కొయ్యలేదన్న ఈ నింద పోవాలంటే ఆ కేసెట్టు కావాలి. శనివారం పొద్దుటిదాకా టైమిచ్చాడు."

చెప్పాలి. చెప్పాలని నోరు తెరిచాను కూడా. మీ ఉద్యోగాన్ని నేనే కత్తెరతో కోసి చెత్తలో పడేశానండీ అని ఏ నోటితో చెప్పను?

ఆయనే అన్నారు. "గది తాళం పిన్నిగారి దగ్గర కూడా ఉంది కదా?"

"ఉంది."

"ఆవిడకి ఆ బొమ్మలంటే ఇష్టం. సీరియలనుకుని పట్టుకెళ్ళి ఉంటదా?"

"ఏమో" అన్నాను.

రెండక్షరాలు. ఎవరు పడితే వాళ్ళు రోజుకి వందసార్లు అనే మాట. దాన్ని తల్చుకుంటే ఇన్నేళ్ళ తర్వాత కూడా నా ఒళ్ళు నాకే కంపరంగా ఉంటుంది.

శుక్రవారం పిన్ని ఆరాధన నుంచి నేరుగా వచ్చింది. వస్తూనే కొంగు దోపి చేపల పులుసు పెట్టింది. కంచాలు వేశాక, మా ఆయన పాపం గొంతు సవరించుకుని, ఎంతో మర్యాదగానే అడిగారు.

"అత్తయ్యగారూ, ఏమనుకోకండి. అల్మారా మీద ఒక కేసెట్టుండాలి. సీరియలనుకుని మీరేమైనా చూడ్డానికి పట్టుకెళ్ళారా?"

పిన్ని ముందు నవ్వింది. "నేనా? నేనేం చేసుకుంటానండి బాబూ దాన్ని? ఆ డబ్బాలో ఎలా పెడతారో కూడా నాకు తెల్దు."

"కాదు, తెలియక పట్టుకెళ్ళినా ఫరవాలేదు. దాని మీద నా ఉద్యోగం ఉందండి. ఇచ్చేస్తే చాలు."

నవ్వు ఆగిపోయింది. ఆవిడ ఆయన్ని వదిలేసి నావైపు తిరిగింది. "నువ్వేమంటావమ్మా?"

నేను పులుసుగిన్నె వైపు చూశాను.

ఆవిడ లేచి, తన సంచీ తెచ్చి చాప మీద బోర్లించింది. ఎవరూ అడగలేదు, వద్దు వద్దని మా ఆయన చేతులడ్డం పెట్టారు కూడా. జండూబామ్ సీసా, బైబిలు, ఒక పాత జేబురుమాలు, వాళ్ళ మేడం పిల్లలు తినకుండా వదిలేసిన రెండు చాక్లెట్లు. అవి మాకోసం తెచ్చిందట. ఒక్కొక్కటీ మళ్ళీ సంచీలో పెట్టుకుంది, చాక్లెట్లు తప్ప.

"ఏడేళ్ళ బట్టి ఆ ఇంట్లో బంగారం నా చేతుల మీద తుడిచి పెడతన్నానండి. ఆళ్ళు అరబ్బులు, నాది ఏ ఊరో కూడా ఆళ్ళకి తెల్దు. ఒక్కనాడు ఇలా అడగలేదు." తాళంచెవి కంచం పక్కన పెట్టింది. "మీరు అడిగినందుక్కాదులెండి అల్లుడుగారూ. ఉద్యోగం మీది, అడుగుతారు. ఆ పిల్ల మాటాడలేదు చూడండి, అందుకు."

అన్నం ముట్టకుండా వెళ్ళిపోయింది. టీవీలో ఎవరో ఏదో అన్నట్టున్నారు, జనం ఒకటే నవ్వు. లేచి దాని పీక నొక్కినట్టు నొక్కి ఆపేశాను.

"నేనే కోసేశానండీ" అన్నాను.

ఆయనకి ముందు అర్థం కాలేదు. ఏం చూశానో, ఏమనుకున్నానో, కత్తెర ఎక్కడ పెట్టానో అంతా చెప్పేశాను. తిడతారని, కొట్టినా పడదామని నిలబడ్డాను. ఆయన పిన్ని పెట్టిన తాళంచెవి చేతిలోకి తీసుకున్నారు.

"నామీద అనుమానపడ్డావా? పడు. నేనూ అబద్ధం చెప్పాను, చెల్లుకి చెల్లు. కానీ ఆవిడ మొహాన నేను అడిగాను కదే. నా చేత అడిగించావు. పక్కనే కూర్చుని చూశావు."

చెప్పులేసుకుని ఇద్దరం రోడ్డు మీదకి పరిగెత్తాం. బస్సు స్టాపులో ఎవరూ లేరు.

ఆయన ఉద్యోగం సంగతి చెప్పాలి. శనివారం పొద్దున నేనూ ఆయనతో ఆఫీసుకి వెళ్ళాను. ముదీర్ అరబ్బు మనిషి, నెరిసిన గడ్డం. నా వచ్చీరాని ఇంగ్లీషులో, ఆ కేసెట్టు ఉండేది, నేను చూశాను, అనుమానంతో నేనే నాశనం చేశాను అని చెప్పాను. ముదీర్ కళ్ళు చిట్లించి చూశాడు. ఆ చూపు నాకు తెలుసు, అది నా చూపే. నీ మొగుడు నేర్పి తీసుకొచ్చాడు, అవునా అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. నేర్పితే మొగుడి పరువు, నా పరువు ఇలా బజార్న పెట్టుకుంటానా, అడగండి, ఏ ముద్దు కావాలో అడగండి అన్నాను. ముదీర్ కోతల చీటీ తీశాడు. మొన్న వెళ్ళిపోయిన ముద్దుకి ముందున్న ముక్క ఏది అన్నాడు. ఎవరూ చూడని ముక్క అది, చానల్లో రాలేదు. ఇక నేను, ఆదివారపు బడిలో పిల్లలకి పాటలు నేర్పే మనిషిని, పరాయి మగాడి ముందు కూర్చుని అమెరికా ముద్దులు వర్ణించాను. మెట్ల మీద, పచ్చ స్వెట్టరు అమ్మాయి పై మెట్టు మీద ఉంటుంది. అబ్బాయి నుదుటికి పట్టీ. ముద్దు మొదలైనప్పుడు ఆ పట్టీ కుడి కనుబొమ్మ మీద ఉంది, మధ్యలో ఎడమ కనుబొమ్మ మీదకి మారిపోయింది, నర్సుని కాబట్టి చూశాను, ఆ దెబ్బే దొంగ దెబ్బ అన్నాను.

"అదేంటే, నేనెప్పుడూ చూళ్ళేదే!" అని మా ఆయన తెలుగులో గొణిగారు.

ముదీర్ అసలు టేపు తెప్పించి వేశాడు. పట్టీ కుడివైపు. ఆపి, ముందుకి జరిపి, మళ్ళీ వేశాడు. ఎడమవైపు. తరవాతి ముక్క, అదే మొన్న వెళ్ళిపోయిన ముద్దు, కేసెట్టులో ఎక్కడ మొదలై ఎక్కడ తెగిందో చెప్పమన్నాడు. ఫ్రిజ్జు తలుపు సగం తెరిచి ఉండగా మొదలైంది, జనం ఈల సగంలో తెగింది అన్నాను. చీటీలో మా ఆయన రాసిన కోత సరిగ్గా అక్కడే ఉంది. ముదీర్ కుర్చీలో వెనక్కి వాలి, మా ఆయనతో, ఇలాంటి మనిషితో కాపరం ఎలా చేస్తున్నావయ్యా అన్నాడు. టేపులు ఇంటికి తీసుకెళ్ళొద్దని కాగితం మీద సంతకం పెట్టించుకుని, యల్లా, పనిలోకి పో అన్నాడు. ఉద్యోగం నిలబడింది. మెట్లు దిగుతూ ఆయన ఒక్క మాట అన్నారు. "ఇంత నోరు నిన్న ఏమైంది?"

ఎవరో తెలియని మగాడి ముందు సిగ్గు విడిచి అంత మాట్లాడినదాన్ని, కన్నతల్లి లాంటి మనిషి "నువ్వేమంటావమ్మా" అని అడిగితే ఒక్క ముక్క అనలేకపోయాను.

ఆ మర్నాడు డ్యూటీ దిగి నేరుగా వాళ్ళ మేడం ఇంటికి వెళ్ళాను. అంతవరకూ అక్కడికి వెళ్ళింది లేదు. బెల్లు కొట్టడానికి భయమేసి గేటు పక్కన నిలబడితే, ఎప్పటికో పిన్ని చెత్త సంచీ పట్టుకుని బయటికొచ్చింది. నన్ను చూసి ముందు కంగారుగా ఇంటి కిటికీల వైపు చూసింది.

"పిన్నీ, అది నేనే చేశాను. కేసెట్టు నేనే..."

"తెలుసమ్మా. నువ్వు గిన్నెకేసి చూసేవు చూడు, అప్పుడే తెలిసింది."

"మరి అక్కడే ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మీ ఇద్దరికీ గొడవ. నాలుగేళ్ళకి కలిసేరు. నేను పోతే సరిపోద్దనుకున్నాను." సంచీ డబ్బాలో వేసి చేతులు దులుపుకుంది. అల్లుడుగారి ఉద్యోగం ఉందా అని అడిగింది. ఉందన్నాను. "స్తోత్రం" అంది, నిజంగానే మనసారా అంది.

నేను ఏడుస్తూ ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "నన్ను క్షమించు పిన్నీ. ఈ శుక్రవారం రా. ఆయన కూడా రమ్మన్నారు, నీ కాళ్ళమీద పడతానన్నారు."

"క్షమించడానికేం, ఎప్పుడో క్షమించేసేను. నేను అబద్ధమాడితే ప్రభువు చూత్తాడు." చెయ్యి మెల్లగా విడిపించుకుంది. "రావడం మటుకు కుదరదమ్మా. ఒకసారి నన్ను అడిగిన గది అది. ఇక మీదట అక్కడ చెంచా కనపడకపోయినా, మీరేం అనక్కర్లేదు, నాకే గుండె దడదడలాడతాది."

లోపలికెళ్ళి గేటు వేసుకుంది.